ట్రెంబాత్ ఇంటి వేలంపాట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు. మా ఊరు మెర్రిగల్‌లో, కొట్లుండే హై స్ట్రీట్‌లో, శనివారం పొద్దున్న, ఊరంతా కాఫీ కప్పులు పట్టుకుని చూస్తుండగా వీధిలో నిలబడి ఇల్లు పాడుకునే యోగం వాళ్ళకు పట్టి ఉండదు. పట్టి ఉంటే ఆ మాటే ముందు చెప్పేవాళ్ళు.

గ్లెనిస్ హాకింగ్ పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టలేదు. ముప్పై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. ఊరికి ఉత్తరాన గోధుమ పొలాల మధ్య, పాల డబ్బాలనే పోస్టు పెట్టెలుగా పెట్టుకున్న గేట్ల దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని బడికి చేర్చేది, సాయంత్రం తిరిగి అప్పజెప్పేది. అటువైపు పొలాల్లో పుట్టి పెరిగి, ఆమె బస్సు ఎక్కనివాడు ఇవాళ ఊళ్ళో దొరకడు. ఆ బస్సులో ఒక కట్టడి ఉండేది. చలికాలం పొద్దున్నలు చీకటిగా ఉంటాయి, కంగారూలు ఎటునుంచి దూకుతాయో తెలియదు, కాబట్టి గ్లెనిస్ రోడ్డు మీంచి చూపు తిప్పేది కాదు. ఎక్కిన ప్రతివాళ్ళూ మెట్టు మీద నిలబడి పేరు చెప్పాలి. చెబితే "లోపలికి జరుగు" అనేది. చెప్పకపోతే బస్సు కదిలేది కాదు. పెరిన్ వాళ్ళ డేల్ ఒకసారి తెలివి చూపించి ప్రధానమంత్రి పేరు చెప్పి ఎక్కాడు. ఆ వారమంతా ఆమె వాణ్ణి ఆ పేరుతోనే పిలిచింది. పెట్రోలు ధర ఎందుకు పెంచావని రోజూ బస్సంతా వినేలా నిలదీసింది. శుక్రవారానికి వాడు తన పేరు తనకు ఇచ్చెయ్యమని ఏడ్చినంత పని చేశాడు.

ఆమె, తమ్ముడు రాస్ ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో తండ్రి వదిలిన పొలంలోనే ఉండేవారు. రాస్ కూడా ఒంటరివాడే. ఇద్దరూ పొద్దున్న ఒకే కెటిల్లో టీ కాచుకుని, వాన గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుని, ఎవరి పనిమీద వాళ్ళు పోయేవారు. హాకింగ్ వాళ్ళింట్లో మాటలకు ఎప్పుడూ కరువే. వాళ్ళ నాన్న చనిపోయేముందు చెప్పిన ఆఖరి మాట మోటారు పంపు గురించి.

రెండేళ్ళ కిందట గ్లెనిస్ కళ్ళు మొరాయించాయి. చూపు నడిమధ్యన ఒక మసక మచ్చ పడింది. బెండిగో పట్నంలో కంటి డాక్టరు చూసి, అంచులు మిగులుతాయి, నడుమ మెల్లగా పోతుంది, దీనికి తిరుగు లేదు అని చెప్పింది. అంటే రోడ్డు పక్కన కంచె కనిపిస్తుంది, రోడ్డు మీద గొర్రె కనిపించదు. ఎదుటివాళ్ళ చెవులు, టోపీ, భుజాలు కనిపిస్తాయి, మొహం కనిపించదు. మర్నాడే గ్లెనిస్ బస్సు తాళాలు ఇచ్చేసింది. ఏమిటని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పింది. అడిగినవాళ్ళు తమ మోకాళ్ళ గురించి చెప్పుకుని వెళ్ళిపోయారు.

బస్సయితే మానింది గానీ, సొంత ట్రక్కు మానలేదు. వారానికి ఒకసారి సరుకులకు ఊళ్ళోకి వచ్చి తీరాలి. ట్రక్కు ముందు అద్దానికి దగ్గరగా జరిగి కూర్చుని, తల పక్కకి తిప్పి, అంచు చూపుతో రోడ్డును పట్టుకుని, ఎడ్లబండి నడకన వచ్చేది. తప్పని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లల్ని గాజుబొమ్మల్లా మోసిన మనిషికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు తన ఇంటి గేటు స్తంభానికే ట్రక్కు రాసుకుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. స్తంభం బదులు ఒక పిల్ల ఉండి ఉంటే అన్న ఆలోచన పట్టుకుని వదల్లేదు.

రాస్‌తో చెప్పడం మాత్రం ఆమె వల్ల కాలేదు. చెబితే వాడు గొర్రెల్ని వదిలేసి ఆమెను తిప్పడం మొదలుపెడతాడు. లేదా పొలం అమ్మి ఇద్దరం ఊళ్ళోకి పోదామంటాడు. పొలం లేని రాస్ అంటే ఒడ్డున పడ్డ చేప. అది ఒక కారణం. రెండోది ఆమె పొగరు. అందరినీ మోసుకు తిరిగిన తాను ఇంకొకరికి మూట కావడం ఆమెకు గిట్టదు.

ఆ వారంలోనే రాస్ గేటు స్తంభాలు పీకి ఎడంగా పాతాడు. కోత మిషను పట్టడం లేదన్నాడు. పాత కోత మిషను పాతికేళ్ళుగా ఆ గేటులోంచే పోయి వస్తోందని ఆమెకు తట్టలేదు. కొన్నాళ్ళకు ఆ స్తంభాలకు తెల్ల రంగు కూడా వేశాడు. చెదలకని చెప్పాడు. చెదలు రంగు చూసి జడిసి పారిపోతాయా అని ఆమె వెక్కిరించింది కూడా.

ట్రెంబాత్ ముసలావిడ పోయి, హై స్ట్రీట్ చివర ఆవిడ చెక్క ఇల్లు అమ్మకానికి వచ్చింది. వారసులు పెర్త్‌లో ఉండే మేనల్లుళ్ళు, వాళ్ళకు ఆ ఇల్లు ఎటువైపు తిరిగి ఉందో కూడా తెలియదు. ఇంటి ముందు పాతిన బోర్డు మీద "అన్నిటికీ నడక దూరం" అని పెద్ద అక్షరాలతో రాశారు. అది చూసి ఊరంతా నవ్వుకుంది. మెర్రిగల్‌లో నడవడం ఎవరిక్కావాలి? పోస్టాఫీసు నుంచి పక్కనే ఉన్న రొట్టెల కొట్టుకు కూడా కారు వెనక్కి తీసి పోనిచ్చే మనుషులు మావాళ్ళు. నడక కోసం డబ్బు పోసేది మెల్బోర్న్ నుంచి వచ్చేవాళ్ళే.

గ్లెనిస్ నవ్వలేదు. బోర్డుకు పక్కగా నిలబడి, అక్షరాల్ని చూపు అంచుతో ఒక్కొక్కటే ఏరుకుని చదివింది. తర్వాత ఆ గేటు దగ్గర మొదలుపెట్టి నడిచింది. పోస్టాఫీసు, రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, మందుల షాపు, లైబ్రరీ, డాక్టరు, ఎదురుగా ఊరి సభలు జరిగే మెకానిక్స్ హాలు. కొట్ల ముందు రేకుల వరండాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం వల్ల వాన పడినా తల తడవదు. వరండా స్తంభాలు అంచు చూపుకు చక్కగా అందుతున్నాయి. రోడ్డు దాటవలసింది ఒక్కచోట, అక్కడ గీతలున్నాయి, బండ్లు ఆగుతాయి. రొట్టెల వాసనతో ఒక కొట్టు, రక్తం కడిగిన నేల వాసనతో ఇంకో కొట్టు తెలిసిపోతున్నాయి. చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి గేటు మీద చెయ్యి వేసింది. ఇక్కడైతే తాను ఎవరినీ అడగకుండా బతకగలదు. ఇది దొరక్కపోతే ఏదో ఒకరోజు ఆ ఇరవై కిలోమీటర్ల రోడ్డు మీద ఎవరినో చంపుతుంది, లేదా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని రాస్ కోసం ఎదురుచూస్తూ ముసలిదవుతుంది.

ఆమె దాచుకున్న డబ్బుంది, పింఛను సొమ్ముంది. జాగ్రత్తగా పాడితే సరిపోవచ్చు. ఇంకో సులువైన దారి కూడా ఉంది. మావైపు వేలాల్లో ఎవరూ పైకి చెప్పని ఒక మర్యాద పాటిస్తారు. పాడేవాడికి అది లేకపోతే గడవదని తెలిస్తే, ఊరివాళ్ళెవరూ వాడి మీద పాట పెంచరు. భర్త పోయిన మనిషి తన పక్క చేను పాడుకుంటుంటే చుట్టుపక్కల రైతులంతా బూట్లు చూసుకుంటూ నిలబడతారు. గ్లెనిస్ తన కళ్ళ సంగతి ఒక్కరి చెవిన వేస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, శనివారం ఎవరూ నోరెత్తరు. ఆమె వెయ్యలేదు. ఊరు జాలిపడి వదిలేసిన ఇంట్లో తనకు నిద్ర పట్టదు అనుకుంది.

వేలం నాటి పొద్దున్న, ఊళ్ళో బస్సెక్కి బెండిగో పోయి స్నేహితురాలిని చూసి వస్తానని రాస్‌తో చెప్పింది. మంచిది, నేను గొర్రెల సంతకు పోతున్నానని రాస్ అన్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒకరికొకరు ఇంత ముచ్చటగా అబద్ధాలు చెప్పుకుని, అరగంట తేడాతో ఒకే రోడ్డు పట్టుకుని ఒకే వీధికి వచ్చారు.

గ్లెనిస్ పెద్ద అంచుల టోపీ పెట్టుకుని, గేటుకు దగ్గరగా, పక్కింటివాళ్ళ పిట్టగోడ మీద కూర్చుంది. వేలం వేసేది డేల్ పెరిన్. నాటి ప్రధానమంత్రి ఇవాళ టై కట్టుకుని, చుట్టిన కాగితం చేత పట్టుకుని, ఇంటి మెట్లెక్కి నిలబడ్డాడు. జనం బాగానే పోగయ్యారు. కొనేవాళ్ళు నలుగురైతే, చూసేవాళ్ళు నలభై మంది. మా ఊరికి శనివారం అంతకన్న వేడుక లేదు.

ఇక్కడ వేలంలో నోరు తెరవడం మోటు. తల ఊపుతారు, కనుబొమ్మ ఎత్తుతారు, మామూలు పెంపులో సగమే పెంచదలిస్తే అరచేతిని కత్తిలా అడ్డంగా ఆడిస్తారు. వేసేవాడు కూడా పేర్లు పలకడు. ఎవరి డబ్బు ఎటు పోతోందో అందరూ చూస్తూనే ఉంటారు గానీ, పైకి అనడం మర్యాద కాదు. "ముందున్న ఆవిడ", "చెట్టు కింద ఆయన", అంతే.

మందుల షాపు నోయెల్ కొంతదూరం పాడి తప్పుకున్నాడు. మెల్బోర్న్ జంట ఇంకొంచెం దూరం వచ్చారు, ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గుసగుసలాడుకున్నారు, ఆగిపోయారు. గ్లెనిస్ గుండె కుదుటపడింది. ఆమె దగ్గర ఇంకా కొంత మిగిలి ఉంది. డేల్ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మూడోసారి అనబోతూ ఆగి, "వెనకాయన సగం పెంచారు" అన్నాడు.

ఆమె తల ఊపింది. వెనకాయన రెండోసారి దాకా ఆగి, మళ్ళీ సగం పెంచాడు. ఆమె మళ్ళీ ఊపింది. మళ్ళీ అదే వరస. ఆమె తల తిప్పి చూపు అంచుతో వెతికింది. అందరూ నీలం చొక్కాలే, అందరూ ఒకే రకం టోపీలే. మాంసం కొట్టు వ్యాను పక్కన ఎవరో నిలబడ్డారు, అది మనిషో స్తంభమో కూడా తెలియలేదు.

ఆమెకు తెలియనిది వీధిలో అందరికీ తెలుసు. వ్యాను వెనక, టోపీ ముక్కు దాకా దించుకుని నిలబడ్డది రాస్. అక్కడ నుంచి అతనికి డేల్ మొహం తప్ప ముందు వరసలో ఎవరున్నారో కనిపించదు. తాను కనిపించకూడదని ఎంచుకున్న చోటది. ముందున్న ఆవిడ మెల్బోర్న్ మనిషే అనుకుంటున్నాడు. ఇటు ఊరివాళ్ళేమో, అక్కాతమ్ముళ్ళు ఒకరి మీద ఒకరు పాట పెంచుకోవడం కళ్ళారా చూస్తున్నారు. రాస్ వాగు పక్క చేను అమ్మేశాడని పది రోజుల కిందటే వాళ్ళకు తెలుసు. హాకింగ్ వాళ్ళకు చెడింది, వేరు పడుతున్నారు, ఇంటి కోసం కొట్టుకుంటున్నారు అని ఎవరికి వారు తీర్మానించుకున్నారు. ఇంటి గొడవలో వేలు పెట్టడం మా ఊరి మర్యాద కాదు. అందుకని ఒక్కరూ కిమ్మనలేదు. కొందరు బూట్లు చూసుకున్నారు, కొందరు ఆకాశం చూశారు. డేల్ కూడా గుటకలు మింగుతూ పాట పెంచుకుంటూ పోయాడు. పెర్త్‌లో మేనల్లుళ్ళ అదృష్టం అలా పండుతోంది.

గ్లెనిస్ దగ్గర ఇంక ఒక్క పాట మిగిలింది. అదీ పాడేసింది. ఒకటోసారి అన్నాడు డేల్. రెండోసారి అన్నాడు. ఆమె పిట్టగోడ రాయిని గట్టిగా పట్టుకుంది. వెనక ఆయన చెయ్యి ఆడించినట్టున్నాడు, ఎవరో అడ్డం వచ్చారు, డేల్‌కు కనిపించలేదు. మూడోసారికి కాగితపు చుట్ట పైకి లేచింది. వెనక నుంచి ఒక గొంతు, గొర్రెల మీద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, "ఇంకో వెయ్యి" అంది.

ఆ గొంతు ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నదే.

ముందు ఆమెకు చెప్పరానంత కోపం వచ్చింది. నన్ను ఆ పొలంలో ఒంటరిగా వదిలి వీడు ఊళ్ళో చేరదామనుకుంటున్నాడా? నాతో ఒక్క మాట కూడా అనకుండా? వెంటనే ఆ కోపం కాళ్ళు విరిగినట్టు కూలబడింది. రాస్ ఊళ్ళో ఉండటమేమిటి? రొట్టెల కొట్టు దగ్గర పావుగంట ఆగాల్సి వస్తేనే వాడికి ఊపిరాడదు. మరి ఎవరికోసం? అప్పుడు గుర్తొచ్చింది తెల్ల రంగు వేసిన గేటు. కోత మిషనుకు ఎప్పుడూ సరిపోయిన ఆ గేటు.

ఇంక ఆమె చేయగలిగినవి రెండే. నోరు మూసుకుని ఊరుకుంటే ఇల్లు రాస్‌కు పోతుంది, అక్కడి నుంచి తనకే వస్తుంది, గుట్టూ నిలుస్తుంది. కాని ఊరు మాత్రం హాకింగ్ వాళ్ళు విడిపోయారనే అనుకుంటుంది, వాడు అక్కను ఓడించిన తమ్ముడిగా మిగిలిపోతాడు. వాడు చెయ్యని తప్పది. రెండోది, వేలంలో ఎవరికైనా హక్కున్న ఒక ప్రశ్న అడగడం. చట్టం ఇచ్చిన హక్కే గానీ మెర్రిగల్‌లో దాన్ని వాడినవాళ్ళు లేరు, ఎందుకంటే కళ్ళున్నవాడికి దానితో పనిలేదు.

గ్లెనిస్ లేచి నిలబడి టోపీ తీసింది.

"ఆ పాట ఎవరిది, డేల్?"

వ్యాను ఆమెకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. జనం పక్కకి జరగడంతో రాస్ ఎండలో నిలువునా కనిపిస్తున్నాడు. ఆమె సూటిగా అతని వైపే తిరిగి అడుగుతోంది. ఆమె బస్సులో పెరిగిన వాళ్ళంతా ఒక్కసారిగా సంగతి గ్రహించారు. మోకాళ్ళ నొప్పులు కావని, ట్రక్కు ఎడ్లబండిలా నడవడం ముసలితనం కాదని, కొన్నాళ్ళుగా ఆమె వీధిలో పలకరించకుండా పోవడం పొగరు కాదని. డేల్ ఎత్తిన కాగితపు చుట్ట దించేశాడు.

"నాది, గ్లెన్," అన్నాడు రాస్. టోపీ చేతిలోకి వచ్చింది. "ముందు నుంచి పాడుతున్నది నువ్వా?"

"నేనే. నువ్వు సంతలో ఉన్నావనుకున్నా."

"నువ్వు బెండిగోలో ఉన్నావనుకున్నా."

ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"ఎవరికి రా ఈ ఇల్లు?"

"నీకే. ఇంకెవరికి?" రాస్ గొంతు అంతమందిలో ఎప్పుడూ అంత పెద్దగా లేవలేదు. "ఆ గేటు ఇంకెంత వెడల్పు చెయ్యమంటావు?"

మెల్బోర్న్ ఆవిడకు ఏమీ అర్థం కాలేదు, కాని తన చేతిలో కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. మందుల షాపు నోయెల్ తన బూట్లు అప్పుడే కొన్నవాడిలా పరీక్షగా చూసుకున్నాడు. డేల్ కాగితపు చుట్ట ఎత్తి, ఒకటి, రెండు, మూడు అని ఊపిరి తిప్పుకోకుండా అనేసి, అరచేతిలో కొట్టేశాడు. ఎవరి పేర రాయమంటారని తర్వాత లోపల అడిగితే రాస్ అక్కవైపు చూపించాడు. వాగు పక్క చేను అమ్మిన సంగతి అక్కడే బయటపడింది. అది వాళ్ళ నాన్నకు ప్రాణంతో సమానమైన చేను. ఎందుకు చెప్పలేదని అడిగింది గ్లెనిస్. నువ్వు చెప్పావా అని అడిగాడు రాస్. మనిద్దరికీ నోళ్ళు లేనందుకు పెర్త్‌లో వాళ్ళకు క్రిస్మస్ ముందే వచ్చిందని రాస్ గొణిగాడు. ఆమె ట్రక్కు తాళం చెవి తీసి బల్ల మీద, అతని ముందు పెట్టింది. రాస్ తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు, వాన వచ్చేలా ఉందన్నాడు.

బయట జనం పోలేదు. పోవాలనీ లేదు, ఉండటానికి సాకూ లేదు. పలకరిద్దామంటే ఏమని పలకరించాలి? ఆమె సంతకం పెట్టి తలుపు దగ్గరికి వచ్చి, గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. ఎదురుగా టోపీలు, భుజాలు, మొహాలు లేని మనుషులు. ఇన్నాళ్ళూ ఈ క్షణం గురించే భయపడింది.

డేల్ ముందు కదిలాడు. మెట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"డేల్ పెరిన్," అన్నాడు.

గ్లెనిస్ ఆ గొంతు వైపు తల తిప్పింది. "ఈసారి సొంత పేరే తెచ్చుకున్నావు," అంది. "లోపలికి జరుగు."

అతని వెనక మాంసం కొట్టు మనిషి మెట్టెక్కి, "కైలీ స్టానర్డ్" అంది. "లోపలికి జరుగు." ఆ వెనక నోయెల్, అతను ఏనాడూ బస్సెక్కినవాడు కాదు, అయినా వరసలో నిలబడి పేరు చెప్పాడు. లైబ్రరీ ఆవిడ చెప్పింది, రొట్టెల కొట్టు అన్నదమ్ములు చెప్పారు. ఎవరూ కళ్ళ గురించి ఒక్క మాట అనలేదు. ట్రెంబాత్ ముసలావిడ వంటిల్లు ఇరుకు. జనం ఒకరినొకరు నెట్టుకుంటూ, గోడలకు అతుక్కుంటూ, పోయిన మనిషి కప్పుల్లో టీ పోసుకున్నారు.

అందరూ అయ్యాక మెట్టు మీద ఇంకో నీలం చొక్కా నిలబడింది. ట్రక్కు చూసి రావడానికి పెరటిదారిన బయటికి వెళ్ళిన మనిషి, వరసలో అందరి వెనకా ముందు గుమ్మానికి వచ్చాడు.

"రాస్ హాకింగ్," అన్నాడు.

"నీ గొంతు నాకు తెలుసులే రా," అంది గ్లెనిస్. "లోపలికి జరుగు."